ఎన్నారై సందేహాలు: సెకండ్‌హ్యాండ్ ఎస్ప్రెస్సో మెషిన్ 60 డాలర్లకి వస్తోంది, కొనొచ్చా?

ప్రశ్న: అన్నా, డాలస్ వచ్చి రెండు నెలలైంది. బయట కాఫీలకే జీతం కరిగిపోతోంది. ఒకాయన వాడిన ఎస్ప్రెస్సో మెషిన్ 60 డాలర్లకి ఇస్తానంటున్నాడు. వంటింటి అవుట్‌లెట్‌లో పెడితే మాత్రం ఒక్కోసారి ఆగిపోతుందట, హాల్లో బాగానే పనిచేస్తుందట. తీసుకోమంటారా?

జవాబు: వద్దు తమ్ముడూ. ఆ "ఒక్కోసారి ఆగిపోతుంది" అన్న మాట నాకు ఎంత ఖర్చు పెట్టించిందో చెప్తాను, విను.

నేను 2008లో న్యూజెర్సీలో దిగాను. షాపులో లాటే నాలుగు డాలర్లు. డాలరు 45 రూపాయల లెక్కన ఒక కాఫీ 180. నెలకి ఇరవై తాగితే 3,600 రూపాయలు, అమ్మకి పంపే డబ్బులోంచే పోవాలి. అప్పుడే ఇల్లు ఖాళీ చేస్తున్న ఒకాయన తన మెషిన్ 40 డాలర్లకి ఇచ్చాడు. పది కాఫీలతో డబ్బు తిరిగొచ్చేస్తుందని ఆ రాత్రి కాగితం మీద లెక్క కూడా వేసుకున్నాను.

వంటింట్లో సింకు పక్కన పెడితే నీళ్లు వేడెక్కేలోపే టక్ మని ఆగిపోయేది. అవుట్‌లెట్ మీద రీసెట్ బటన్ నొక్కితే మళ్లీ వచ్చేది, మళ్లీ పోయేది. అవుట్‌లెట్ పాడైందనుకుని మెషిన్‌ని హాల్లోకి మార్చాను. అక్కడున్న ఎక్స్‌టెన్షన్ వైరుకి రెండే రంధ్రాలు. మూడు పిన్నుల ప్లగ్గు పట్టడానికి డాలరు పెట్టి చిన్న అడాప్టర్ కొన్నాను. అంతే, ఎర్త్ పోయింది.

మూడో వారంలో ఒక ఉదయం మా ఆవిడ పాలజగ్గు ఆవిరి గొట్టం కింద పట్టుకుని, రెండో మోచెయ్యి గోడవార ఉన్న, గది వెచ్చబెట్టే ఇనుప రేడియేటర్‌కి ఆనించింది. కెవ్వున అరిచింది. షాక్‌కి చెయ్యి విదిలిస్తే మరుగుతున్న పాలు మణికట్టు మీద పడ్డాయి. ఎమర్జెన్సీకి తీసుకెళ్లాం. ఇన్సూరెన్స్ పోను మా చేతినుంచి 900 డాలర్లు కట్టాం. ఆ నెల ఇంటికి ఒక్క రూపాయి పంపలేకపోయాను.

తప్పు వంటింటి అవుట్‌లెట్‌ది కాదు. దాన్ని జీఎఫ్‌సీఐ అంటారు. వెళ్లిన కరెంటుకీ తిరిగొచ్చిన కరెంటుకీ సుమారు 5 మిల్లీ ఆంపియర్ల తేడా వచ్చినా, అంటే కరెంటు ఎక్కడో లీకవుతోందని అనిపించినా ఆపేస్తుంది. మామూలు బ్రేకర్ 15 ఆంపియర్లు దాటితేగానీ పడదు, మనిషి ప్రాణానికి అది కాపలా కాదు. మన ఊళ్లో బకెట్లో పెట్టే హీటర్ రాడ్డు లాంటిదే ఈ మెషిన్లలో ఉండే హీటర్ కూడా. పైన లోహపు తొడుగు, లోపల మెగ్నీషియం ఆక్సైడ్ పొడి. తొడుగు చిట్లితే ఆ పొడి తేమ పీల్చి కరెంటుని మెషిన్ ఒంటికి వదులుతుంది. నాకు జరిగింది అదే, నీకు అమ్మజూపుతున్నదానికీ అదే రోగం కావచ్చు.

మనవాళ్లు ఇంకో చోట కూడా పొరబడతారు. 1,400 వాట్ల మెషిన్ ఇండియాలో 230 వోల్టుల దగ్గర 6 ఆంపియర్లే లాగుతుంది. ఇక్కడ 120 వోల్టులు, అంటే దాదాపు 12 ఆంపియర్లు. మా ఎక్స్‌టెన్షన్ ప్లగ్గు పీకి చూస్తే పిన్నుల చుట్టూ ప్లాస్టిక్ గోధుమరంగుకి తిరిగి మెత్తబడి ఉంది. మెషిన్ ప్లగ్గు నేరుగా గోడకే పెట్టు. ఆ లైన్‌లోనే మైక్రోవేవ్ వేయకు. ఏ గదిలో ఏ అవుట్‌లెట్ ఉండాలన్నది మీ సిటీ రూల్స్‌లో చూసుకో.

ఇక మెషిన్ గట్టిదా కాదా అంటే, డబ్బా మీద "15 బార్" అని నీటి ఒత్తిడి అంకె చూసి మురిసిపోకు. ఎస్ప్రెస్సోకి 9 బార్ చాలు. వెనక యూఎల్ లేదా ఈటీఎల్ గుర్తు, అంటే భద్రత పరీక్ష పాసైందని చెప్పే ముద్ర, ఉందా చూడు. యూరప్ గుర్తు సీఈ ఒక్కటే ఉంటే ఈ దేశానికి సరిపోదు, అది చాలావరకు తయారీదారు తనకు తానే వేసుకునే గుర్తు. నీళ్ల ట్యాంకు తీసి, కింద తుప్పు మరకలు ఉన్నాయేమో టార్చి వేసి చూడు. కాఫీ పొడి పోసే పిడి చేతికి బరువుగా తగలాలి. నీళ్లు కారకుండా ఆపే రబ్బరు గ్యాస్కెట్లు విడిగా దొరుకుతాయా అని కొనకముందే వెతుకు.

2010లో 400 డాలర్లు పెట్టి కొత్తది కొన్నాను. గుండె ఝల్లుమంది, అయినా కొన్నాను. ఇప్పటికి రెండుసార్లు గ్యాస్కెట్ మార్చాను, నెలనెలా సున్నం పట్టకుండా కడుగుతాను, ఇంకా నడుస్తోంది.

అంత డబ్బు ఇప్పుడు లేకపోతే ఫిల్టరూ, డికాక్షనూ ఉండనే ఉన్నాయి. వాడినదే కావాలనుకుంటే అమ్మేవాడి వంటింట్లో, సింకు పక్కన అవుట్‌లెట్‌లోనే పెట్టించు. ముందు టెస్ట్ బటన్ నొక్కి అవుట్‌లెట్ ఆగుతోందో లేదో చూడు. తర్వాత మెషిన్ ఇరవై నిమిషాలు వేడెక్కనివ్వు, ఆవిరి కూడా తీయించు. ఒక్కసారి ఆగినా డబ్బు జేబులోనే పెట్టుకుని వచ్చెయ్.