ఒకే ఇంట్లో సైకిలూ, కారూ

చి. మేఘనకు, చి. శ్రావణ్‌కు పెదనాన్న ఆశీస్సులు.

మీ ఇద్దరి వాదన గురించి మీ అమ్మ ఫోన్లో చెప్పింది. మేఘన హైదరాబాద్‌లో మియాపూర్ నుంచి కొత్తగూడ దాకా ఆఫీసుకి సైకిలు మీద వెళ్తానంటోందట. అదే దారిలో కారు తోలే శ్రావణ్ ఏమో సైకిళ్ళవాళ్ళు ట్రాఫిక్‌కి అడ్డం అంటున్నాడట. అన్నం దగ్గర మాటా మాటా పెరిగిందట. ఎవరు రైటో చెప్పమని నన్నడిగింది మీ అమ్మ. ఆ పంచాయితీ నేను చెయ్యను. సిటీ బస్సు తోలినవాణ్ణి, తెల్లారుజామున డిపోకి సైకిలు మీద వెళ్ళినవాణ్ణి కాబట్టి, స్టీరింగు ముందు కూర్చున్నవాడికి సైకిలు ఎక్కడ కనపడుతుందో, ఎక్కడ కనపడకుండా పోతుందో మాత్రం చెప్పగలను. ఇద్దరికీ కలిపి ఒకే ఉత్తరం రాస్తున్నాను. శ్రావణ్, మీ అక్కకి రాసింది నువ్వూ, నీకు రాసింది మీ అక్కా చదవాలనే.

ముందు మేఘనకి.

సైకిలుని కావాలని గుద్దేవాడు దాదాపు ఉండడమ్మా. గుద్దినవాడు ఎవడైనా కిందికి దిగి చెప్పే మాట ఒకటే: "చూసుకోలేదండీ." చాలాసార్లు అది నిజమే. కాబట్టి డ్రైవరు కన్ను సహజంగా ఎటు పోతుందో అక్కడ ఉండటమే నీ మొదటి పని. మనవాళ్ళు సైకిలు ఎక్కిన ప్రతివాడికీ "వారగా పో" అని చెప్తారు. ఎంత వారగా అన్నది ఎవరూ చెప్పరు. ఫుట్‌పాత్ రాయిని రాసుకుంటూ పోయావనుకో, ఇసుకా, గాజుపెంకులూ, వాన నీటి జాలీలూ, మ్యాన్‌హోల్ మూతలూ అన్నీ అక్కడే ఉంటాయి. వాటిని తప్పించడానికి నీకు కుడిపక్కకి తిరగడం తప్ప వేరే దారి ఉండదు. వెనక వచ్చేవాడికి ఆ జాలీ కనపడదు. నువ్వు ఉన్నట్టుండి అడ్డం వచ్చావనే అనుకుంటాడు. పైగా నువ్వు అంచుకి అతుక్కుంటే, అదే లేన్లో నిన్ను రాసుకుంటూ దూరిపోవచ్చని వాడికి ధైర్యం వస్తుంది.

అందుకని అంచు నుంచి ఒక మీటరు ఇవతలగా, తిన్నగా తొక్కు. అప్పుడు గొయ్యి వస్తే ఎడమకి తప్పుకునే చోటు ఉంటుంది. రోడ్డు బాగా ఇరుకైన చోట ఇంకొంచెం మధ్యకి వచ్చి, అది దాటగానే మళ్ళీ నీ వరసలోకి వెళ్ళు. వెనకనుంచి హారన్ కొడతారు. కొట్టనీ. హారన్ కొట్టినవాడు నిన్ను చూసినవాడు. భయం కొట్టనివాడితోనే.

ఆగి ఉన్న కార్ల వరసలో అక్కడక్కడా ఖాళీ దొరికిందని లోపలికి దూరి మళ్ళీ బయటికి రావద్దు. లోపలికి పోగానే వెనకవాడు నిన్ను మర్చిపోతాడు. తిరిగి వచ్చేసరికి కొత్తగా ఊడిపడ్డట్టే. ఆగిన కారు పక్కనుంచి పోయేటప్పుడు దాని తలుపు పూర్తిగా తెరుచుకుంటే ఎంత మేర వస్తుందో అంత దూరం వదులు. వెనక అద్దంలోంచి లోపల తల కనపడితే ఆ తలుపు ఇప్పుడో కాసేపటికో తెరుచుకుంటుందని అనుకో. ముందు చక్రం బయటికి తిరిగి ఉంటే ఆ కారు కదలబోతోందని అర్థం. ఆటోలకైతే ఇవేవీ అక్కర్లేదు, ఫుట్‌పాత్ మీద ఎవరైనా చెయ్యి ఎత్తారంటే చాలు, ఆటో అక్కడికక్కడే నీ ముందు ఆగుతుంది.

ఇక బస్సు. దీని గురించి కాస్త పొడుగ్గా రాస్తాను, ఏమీ అనుకోకు.

బస్సు పదకొండు, పన్నెండు మీటర్ల బండి. డ్రైవరు కుడివైపు కూర్చుంటాడు, నువ్వు వెళ్ళేది ఎడమవైపు. అంటే మొత్తం బండి వెడల్పు మీ ఇద్దరికీ మధ్యలో ఉంటుంది. ఎడమపక్క అతనికి దిక్కు ఒక్క అద్దమే. ఆఫీసుల వేళ ఫుట్‌బోర్డు మీద కుర్రాళ్ళు వేలాడుతుంటే ఆ అద్దంలో కనపడేవి వాళ్ళ వీపులూ, బ్యాగులే. ముందు తలుపుకీ స్టాపుకీ మధ్య నువ్వు ఉన్నావని అతనికి తెలిసే అవకాశమే లేదు. బస్సు నిన్ను దాటి, ఎడమ సిగ్నలు వేసి స్టాపులోకి ఒరుగుతోందంటే, ఎంత ఖాళీ కనపడినా ఆ సందులోకి పోవద్దు. తొక్కడం ఆపి వెనకే ఉండు. దిగేవాళ్ళు కూడా అటే దూకుతారు, బస్సు పూర్తిగా ఆగకముందే.

ఇంకొకటి సైకిళ్ళవాళ్ళకి ఎవరూ చెప్పనిది. బండి ఎడమకి తిరిగేటప్పుడు ముందు చక్రం పోయిన దారిలో వెనక చక్రం పోదు. లోపలికి కోసుకుంటూ వస్తుంది. బండి ఎంత పొడుగైతే అంత లోపలికి. సిగ్నల్ దగ్గర బస్సు ముందుభాగం నీకు దూరంగా వెళ్ళిందని ధైర్యంగా నిలబడితే, వెనక చక్రం నువ్వున్న చోటికే వస్తుంది. లారీ, ట్యాంకరు, కాంక్రీటు మిక్సరు అన్నీ ఇంతే. కొండాపూర్ వైపు ఎప్పుడూ ఏదో ఒక బిల్డింగు లేస్తూనే ఉంటుంది కాబట్టి నీ దారిలో మిక్సర్లకి కరువుండదు. పెద్దబండి ఎడమపక్కన ఎప్పుడూ ఆగొద్దు. దానికి వెనకైనా ఉండు, లేదా డ్రైవరు నీ మొహం చూసేంత ముందైనా ఉండు. అద్దంలో అతని మొహం నీకు కనపడకపోతే అతనికి నువ్వు కనపడనట్టే.

స్టాపులో ఆగిన బస్సుని కుడివైపు నుంచి దాటాలంటే కండక్టరు మాట వినపడుతుందేమో చూసుకో. "రైట్ రైట్" అన్నాడంటే డ్రైవరు కన్ను కుడి అద్దం మీద ఉంటుంది, చెయ్యి స్టీరింగుని కుడికి తిప్పుతూ ఉంటుంది. అతను చూసేది వెనకనుంచి వచ్చే కార్లని. అప్పటికే బస్సు మధ్యభాగానికి వచ్చేసిన నిన్ను కాదు. ఆ మాట వినపడితే ఆగిపో. ఒక్క నిమిషం పోతుంది, అంతే.

నీ దారిలో కొత్తగూడ ఫ్లైఓవర్ ఉంది కదా, 2023 జనవరిలో తెరిచినది. దాని ర్యాంపు మొదలయ్యే చోట జాగ్రత్త. కిందనుంచి పోయే నువ్వు ఎడమ వరసలోనే ఉంటావు. కానీ ఎక్కుదామా వద్దా అని తేల్చుకోలేనివాడు ర్యాంపు దాకా వెళ్ళి ఆఖర్లో నీ మీదుగా ఎడమకి కోస్తాడు. ఆ యాభై అడుగుల్లో ఒకసారి వెనక్కి తిరిగి చూడు. తిరిగి చూడటం వల్ల ఇంకో లాభం కూడా ఉంది. వెనకవాడికి నీ మొహం కనపడుతుంది. వీపు కనపడితే వాడికి అది ఒక సైకిలు, మొహం కనపడితే ఒక మనిషి. ఎందుకో తెలీదు గానీ, మొహం చూసినవాడు కాలు కాస్త బ్రేకు మీదికి తెస్తాడు.

కుడికి తిరగాల్సి వస్తే నాలుగు వరసల ట్రాఫిక్‌ని అడ్డంగా కోయొద్దు. ఎడమవైపే తిన్నగా జంక్షన్ దాటి, అవతల మూలన ఆగి, సైకిలుని తిప్పుకుని, ఆ వైపు పచ్చలైటు పడ్డాక వెళ్ళు. జంక్షన్ మరీ ఘోరంగా ఉంటే దిగి నడిపించుకుంటూ జీబ్రా మీద దాటు. ఎడమకి తిరిగేటప్పుడు ఎడమ చెయ్యి, కుడికైతే కుడి చెయ్యి పూర్తిగా చాచి చూపించు. తిరిగేటప్పుడు కాదు, తిరగడానికి ముందే.

రాంగ్ రూట్లో మాత్రం వెళ్ళకు, యూటర్న్ ఎంత దూరమైనా సరే. ఎదురుగా వచ్చే రాంగ్ రూట్ బండ్లు నీకు రోజూ తగులుతాయి. తిట్టుకుంటూ కుడికి తప్పుకుంటే వెనకవాడి కింద పడతావు. నీ ఎడమ వదలకుండా స్లో చెయ్యి, కావాలంటే కాలు కింద పెట్టి ఆగు, వాణ్ణే చుట్టూ తిరిగి పోనీ.

వాన పడితే తెల్లరంగు గీతలూ, ఇనప మూతలూ, ఫ్లైఓవర్ అతుకుల దగ్గరి పట్టీలూ జారుతాయి. వాటిమీద బ్రేకు నొక్కొద్దు, హ్యాండిల్ తిప్పొద్దు. నీళ్ళు నిలిచిన చోట అడుగున ఏముందో మన ఊళ్ళో దేవుడికే తెలియాలి, దిగి నడువు. మొదటి చినుకులప్పుడే రోడ్డు మీది దుమ్మూ, నూనే కలిసి ఎక్కువ జారుతుందని గుర్తుపెట్టుకో. కుక్కలు వెంటపడితే తొక్కడం పెంచకు. దిగి, సైకిలుని నీకూ దానికీ మధ్య పెట్టుకుని నిలబడు. చాలావరకు విసుగొచ్చి వెళ్ళిపోతాయి.

సాయంత్రం ఆరు దాటితే వెనక ఎర్రలైటు, ముందు తెల్లలైటు వెయ్యి. నల్ల టీషర్టు ఆఫీసులో వేసుకో, రోడ్డు మీద వద్దు. మా చిన్నప్పుడు డైనమో దీపం లేకపోతే పోలీసు సైకిలు ఆపి గాలి తీసేసేవాడు. ఇప్పుడు ఎవరూ అడగరు. హెల్మెట్ కూడా చట్ట ప్రకారం మోటారు బండ్లకే తప్పనిసరి, సైకిలుకి కాదు. అయినా పెట్టుకో. చెవుల్లో పాటలు మాత్రం వద్దు. సైకిలుకి అద్దం లేదు, నీ చెవులే నీ అద్దం.

ఇప్పుడు నీకు, శ్రావణ్.

సైకిళ్ళవాళ్ళు అడ్డం అన్నావట. ఒకసారి లెక్క చూడు. మీ అక్క గంటకి పదిహేను కిలోమీటర్ల వేగంతో పోతే సెకనుకి నాలుగు మీటర్ల పైనే కదులుతుంది. నువ్వు నలభైలో పోతే సెకనుకి పదకొండు. తనని చూసి, కాలు బ్రేకు మీదికి తెచ్చి, బండి ఆగేసరికి పొడి రోడ్డు మీదే ఇరవై మీటర్లు పోతాయి. అరవైలో అయితే దాదాపు ముప్పయ్యారు. వేగం ఒకటిన్నర రెట్లే పెరిగింది, దూరం మాత్రం రెట్టింపుకి దగ్గరైంది. సైకిళ్ళూ, నడిచేవాళ్ళూ కార్లతో కలిసే వీధుల్లో ముప్పై దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది ఇందుకే. మన కాలనీ రోడ్లలో నువ్వు ఎంతలో పోతున్నావో మీటరు వైపు ఒకసారి చూసుకో.

సైకిలుని దాటేటప్పుడు ఒకటిన్నర మీటరు వదులు. జర్మనీలో 2020 నుంచి ఊళ్ళలో ఇది చట్టమే. మన దగ్గర లేన్ వెడల్పుకి అది కుదరదని నువ్వు అంటావు. కుదరని చోట దాటకు. పక్క లేన్ ఖాళీ అయ్యేదాకా వెనకే ఉండు. పది సెకన్లు పడుతుంది, తర్వాత సిగ్నల్లో రెండు నిమిషాలు ఎలాగూ ఆగుతావు. దాటిన వెంటనే ఎడమకి తిరగాల్సి ఉంటే అసలు దాటనే వద్దు. దాటి, తన ముందే కోసి, ఫ్రీ లెఫ్ట్‌లోకి తిప్పడం నేను చూసినవాటిల్లో అన్నిటికంటే దుర్మార్గమైన పని. చేసేవాడికి అది దుర్మార్గమని అనిపించదు కూడా.

సైకిలుకి సరిగ్గా వెనక్కి వచ్చి హారన్ మోగించకు. ఉలిక్కిపడి హ్యాండిల్ కుడికి లాగేస్తారు. కొట్టాల్సివస్తే దూరం నుంచే, చిన్నగా, ఒక్కసారి. రాత్రిపూట హైబీమ్ తగ్గించు. ఎదురుగా వచ్చే సైకిలతనికి కాసేపు కళ్ళే కనపడవు.

కారు ఆపి దిగేటప్పుడు తలుపుని కుడి చేత్తో తెరవకు, ఎడమ చేత్తో తెరువు. ఎడమ చెయ్యి అటు చాచాలంటే ఒళ్ళు తిరుగుతుంది, తల తిరుగుతుంది, వెనక వచ్చేవాళ్ళు కనపడతారు. ఎడమపక్క కూర్చున్నవాళ్ళకి కుడి చెయ్యి. అమ్మకీ నాన్నకీ కూడా ఇది నేర్పు, వెనక సీట్లోంచి చూడకుండా తలుపు తోసేది ఎక్కువగా వాళ్ళే.

ఇంకో సంగతి. మీ అక్క సైకిలుకి లైటు ఉంటుంది, హెల్మెట్ ఉంటుంది. రోడ్డు మీద సైకిళ్ళలో ఎక్కువ ఆమెలాంటివాళ్ళవి కావు. రాత్రి డ్యూటీ దిగి వచ్చే వాచ్‌మెన్, క్యారియర్ తగిలించుకుని సైటుకి పోయే మేస్త్రి, తెల్లారుజామున పాల ప్యాకెట్లు మోసేవాడు. వాళ్ళకి లైటు లేదు, రంగు చొక్కా లేదు, వేరే దారీ లేదు. వాళ్ళని చూడాల్సిన బాధ్యత పూర్తిగా నీదే. ఔటర్ రింగు రోడ్డు పక్కన 2023లో ఇరవైమూడు కిలోమీటర్లు సోలార్ కప్పుతో సైకిలు బాట కట్టారు, బాగుంది, ఆదివారం మీరిద్దరూ వెళ్ళి తొక్కండి. ఆ మేస్త్రి సైటుకి మాత్రం అది దారి చూపదు.

ఎక్కడైనా సైకిలు పడిపోయి ఉంటే ఆగు, ఎవరు గుద్దినా సరే. 108కి ఫోన్ చెయ్యి. సాయం చేసినవాణ్ణి కేసులో ఇరికించకూడదని 2019లో మోటారు వాహనాల చట్టంలోనే చేర్చారు, పేరు చెప్పమని బలవంతపెట్టకూడదని 2020లో దాని కింద నియమాలూ పెట్టారు. టెన్షన్ అక్కర్లేదు. మెడకి దెబ్బ తగిలిందని అనుమానం ఉంటే లేపి కూర్చోబెట్టకు.

దసరాకి నేను వస్తాను. అప్పుడు ఒక పని చేద్దాం. మేఘనని కారు డ్రైవరు సీట్లో కూర్చోబెట్టి, శ్రావణ్ సైకిలు పట్టుకుని కారు చుట్టూ మెల్లగా నడవాలి. అద్దాల్లో సైకిలు ఎక్కడ మాయమవుతుందో అక్కడ నేల మీద సుద్దముక్కతో గీత గియ్యండి. మర్నాడు శ్రావణ్ సైకిలెక్కి హఫీజ్‌పేట దాకా వెళ్ళి రావాలి, ఆదివారం కాదు, సోమవారం తొమ్మిదింటికి. వెనక నేను బస్సులో వస్తాలే.

ఈలోగా మేఘనా, టైరులో గాలి వేలితో నొక్కి చూడకు, పంపు మీద మీటరు చూసి కొట్టించు. బ్రేకు వైర్లు వదులయ్యాయేమో షాపులో చూపించు. సీటు ఎత్తుని కాలు కింద ఆనేలా పెట్టుకో, మొదటి నెల అంతే.

ఇట్లు,
మీ పెదనాన్న