బంధువులొచ్చారని గుంపు వదలకు

సింధూ,

కాలేజీ బృందంతో హైదరాబాదుకు చదువు యాత్ర మీద వస్తున్నావని అమ్మ చెప్పింది. విన్నవాళ్ళందరికీ గొప్పగా చెప్పుకుంటున్నాను కానీ, కంటిమీద కునుకు మాత్రం లేదు. ఇన్నాళ్ళూ అమ్మానాన్నల చెయ్యి పట్టుకుని వచ్చేదానివి. ఇప్పుడు తెలుగు వచ్చింది నీ ఒక్కదానికే కాబట్టి టీ దగ్గర్నుంచి ట్యాక్సీ దాకా అందరూ నీ మొహమే చూస్తారు.

పాస్‌పోర్టు, ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారత సంతతివాళ్ళకిచ్చే కార్డు) రెండూ చేతిసంచిలోనే పెట్టుకో. నీ స్నేహితులు ఈ-వీసా కాగితం ప్రింటు తీసి తెచ్చుకోవాలి, ఈ-అరైవల్ కార్డు, అంటే వస్తున్నామని ఆన్‌లైన్‌లో ఇచ్చే ఫారం, దిగడానికి ముందు 72 గంటల్లోపు నింపాలి. దానికి డబ్బడిగే సైటయితే అది దొంగ సైటే. హెయిర్ డ్రయర్లు వద్దు. మీ దగ్గరికన్నా ఇక్కడ కరెంటు ఎక్కువ, 230 వోల్టులు, మాడి కూర్చుంటాయి. 100–240 అని రాసున్న ఛార్జర్లకు భయం లేదు.

శంషాబాద్‌లో దిగాక సంగతి జాగ్రత్తగా విను. అక్కడ ఇమిగ్రేషన్ దగ్గర మీ వరుసలు విడిపోతాయి. ఈ-వీసా వాళ్ళకు ఫొటో తీసి వేలిముద్రలు తీసుకుంటారు. విమానంలో ఎండిపోయిన వేళ్ళు ఒక్కోసారి యంత్రానికి పడవు, తుడిచి మళ్ళీ పెట్టమంటారు. ఒకరి దగ్గర ఆగితే వెనకున్నవాళ్ళంతా ఆగినట్టే. నువ్వేమో ఓసీఐ మీద ముందే బయటపడతావు, పెట్టె కూడా వచ్చేస్తుంది. అప్పుడు బాబాయి ఫోను: "బయటే ఉన్నాం తల్లీ, ఒక్కసారి రా!" పలకరించి వద్దామని తలుపు దాటతావు. అంతే సంగతులు. బయట అడుగుపెట్టాక టికెట్టు లేకుండా ఎయిర్‌పోర్టు కాపలా చూసే సీఐఎస్‌ఎఫ్ వాళ్ళు మళ్ళీ లోపలికి పంపరు. లోపలున్నవాళ్ళకు నువ్వెక్కడున్నావో తెలియదు. ఫోను చేద్దామంటే రోమింగ్ ఉండదు, వైఫై కావాలంటే ఓటీపీ రావాలి, ఓటీపీ రావాలంటే పనిచేసే నంబరు ఉండాలి. ఇలా వెతుక్కుంటూ ఒక్కొక్కరే బయటికొస్తే, రాత్రిపూట పెట్టెలేసుకుని తలో దిక్కున నిలబడతారు.

కాబట్టి ఇమిగ్రేషన్‌కి ముందు, పెట్టెల బెల్టు దగ్గర, తలుపు దాటే ముందు, మూడుసార్లు తలలు లెక్కపెట్టండి. ఇద్దరిద్దరు జతగా ఉండండి. ఆలస్యమైనవాళ్ళ కోసం ఎదురుచూడాల్సింది బెల్టు దగ్గరే. హోటలు అడ్రసు, తీసుకెళ్ళడానికొచ్చే మనిషి నంబరు కాగితం మీద రాసి ప్రతివాళ్ళ జేబులో పెట్టు. ఫోను చార్జింగు అయిపోయినా కాగితం ఉంటుంది. బంధువులెవరినీ ఎయిర్‌పోర్టుకి రావద్దని ముందే చెప్పెయ్. బాబాయి అలుగుతాడు, ఆ సంగతి నేను చూసుకుంటా. దండలూ పులిహోరా మూడోనాటికి పెట్టుకుందాం.

ఊళ్ళోకి పీవీ ఎక్స్‌ప్రెస్‌వే మీదుగా వస్తే, ఆరాంఘర్ నుంచి నున్నటి రోడ్డు చూసి మీవాళ్ళు "ఇండియా ఇంత తీరుగా ఉందేమిటి" అంటారు. మెహదీపట్నంలో కిందికి దిగగానే మాట మార్చేస్తారు. డైరీలు రాయమంటారుగా, మొదటిరోజు అభిప్రాయాలు రాయనివ్వకు, కళ్ళతో చూసిందే రాయమను. ఎవరు, ఎప్పుడు, ఎందుకు హారన్ కొట్టారో రాస్తే చాలు. ఇక్కడ సగంసార్లు అది తిట్టు కాదు, "పక్కనే ఉన్నాను, చూసుకో" అనడం. లారీల వెనక హారన్ కొట్టమని వాళ్ళే రాసుకుంటారు. నిద్రలేని కళ్ళతో రాసిన అభిప్రాయాలకు నాలుగోరోజున వాళ్ళే సిగ్గుపడతారు.

రోడ్డు దాటేటప్పుడు ముందు కుడివైపు చూడాలి, మీకు అలవాటు ఎడమవైపు. సీలు తియ్యని సీసా నీళ్ళే తాగండి. కడుపు చెడితే ఓఆర్‌ఎస్ ఉండనే ఉంది, కానీ 21.8 గ్రాముల ప్యాకెట్టు లీటరు నీళ్ళకి. గ్లాసులో కలిపేస్తే ఉప్పు ఎక్కువై మేలుకు బదులు కీడవుతుంది.

ఇక నా అసలు భయం కుక్కలు. ఐదేళ్ళప్పుడు వీధికుక్కకి బిస్కెట్లు పెడతానని రోడ్డు మీద కూర్చుని ఏడ్చిన పిల్లవి నువ్వు! ఎంత ముద్దుగా ఉన్నా ముట్టుకోవద్దు, మీవాళ్ళనీ ముట్టుకోనివ్వకు. పన్ను తగిలినా, గోరు గీరినా, కుళాయి కింద సబ్బుతో పావుగంట కడిగి ఆరోజే ఆసుపత్రికి వెళ్ళాలి. ముందే రేబిస్ టీకా వేయించుకున్నవాళ్ళకూ మళ్ళీ డోసులు తప్పవు. ఎవరైనా పసుపో కారమో పెట్టమంటే వినకు.

విమానం నంబరు నాకొక్కదానికే పంపు. ఫ్యామిలీ గ్రూపులో పెట్టావో, బాబాయి కారు తీసేస్తాడు.

నీ పెద్దమ్మ