సైన్స్ ఫిక్షన్ రోల్ ప్లేయింగ్ ఆటకు తేలికైన నియమాలు ఎక్కడ మొదలుపెట్టాలి?

తలా ఒక పాత్రగా మారి కథ నడిపే ఆటను రోల్ ప్లేయింగ్ ఆట అంటారు. పదేళ్ల పిల్లలు కూడా ఆడగలిగే అలాంటి అంతరిక్ష కథల ఆటకు నియమాలు రాయాలనుకుంటున్నానని, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదని మీరు అడిగారు. ఆయుధాల పట్టికతో మాత్రం మొదలుపెట్టకండి. ఆడేవారి చేతులకు ఇదివరకే అలవాటైన ఆట ఏదో చూసి, దాని మీద కట్టండి.

నేను తిరుపతిలో ఉంటాను. ఒక వేసవిలో చిత్తూరులోని మా అవ్వ ఇంటికి వెళ్లినప్పుడు, మా అక్క పిల్లలతో ఆడించాలని పద్నాలుగు పేజీల నియమాలు రాసుకొని వెళ్లాను గాని, పాచికలు తిరుపతిలోనే మరచిపోయాను. అవ్వ తన అష్టాచెమ్మా గవ్వలు నాలుగు తెచ్చి చేతిలో పెట్టింది. అప్పటికప్పుడు నియమం మార్చి, వెల్లకిలా పడిన గవ్వలను లెక్కపెడతామని, నాలుగూ బోర్లా పడితే నౌక గోడ పగిలి గాలి బయటకు పోతుందని చెప్పాను. అంగారకుడి కక్ష్యలో తలుపు బిగుసుకుపోయిన ఘట్టంలో మా మేనకోడలు పందెం వేయగా, నాలుగూ బోర్లానే పడ్డాయి. పిల్లలందరూ లేచి నిలబడి "అష్టా!" అని కేకలు పెట్టారు. గోడ పగిలిందని నేను అనగానే ఆ అమ్మాయి ముఖం చిన్నబోయింది. "అదెట్లా మామా? అష్టా పడితే మంచే కదా!" అని అడిగింది. ఊరగాయకు మామిడికాయలు కోస్తున్న అవ్వ తల ఎత్తకుండానే, "బిడ్డ చెప్పేది న్యాయమే రా. అష్టా పడినోళ్లకు ఇంకో పందెం ఇయ్యాల్సిందే" అని తీర్పు చెప్పింది.

ఆ సాయంత్రమే నా పద్నాలుగు పేజీలు పక్కన పెట్టి నాలుగు వాక్యాలు రాశాను. ఒకటి పడితే పని చెడుతుంది, ఒక గంట ఆక్సిజన్ తగ్గుతుంది. రెండు పడితే పని అవుతుంది గాని ఏదో ఒకటి వదులుకోవాలి. మూడు పడితే పని చక్కగా అవుతుంది. చెమ్మా (నాలుగూ వెల్లకిలా) గాని అష్టా (నాలుగూ బోర్లా) గాని పడితే పని అవడమే కాక ఇంకో పందెం దక్కుతుంది. గవ్వ రెండు వైపులా సమానంగా పడుతుందనుకుంటే, పదహారు విధాల్లో ఒకటి నాలుగు సార్లు, రెండు ఆరు సార్లు, మూడు నాలుగు సార్లు, చెమ్మా, అష్టా ఒక్కొక్కసారి వస్తాయి. నిజం గవ్వలు అంత సమానంగా పడవు, అయినా ఆట చెడదు. అన్నిటికంటే ఎక్కువగా పడే 'రెండు' అనే అంకెలోనే కథ పుడుతుంది, ఎందుకంటే ఏమి వదులుకోవాలో పిల్లలే వాదించుకొని తేల్చుకుంటారు.

1977లో అమెరికాలో వెలువడిన ట్రావెలర్ అనే అంతరిక్ష రోల్ ప్లేయింగ్ ఆట మామూలు ఆరు ముఖాల పాచికలతోనే నడుస్తుంది గాని, అందులో పాత్రను తయారుచేసుకొనే దశలోనే ఆ పాత్ర చనిపోవచ్చు. ఓపికగల పెద్దవారికి అది రుచిస్తుందేమో గాని, అరగంట శ్రమపడి తన పాత్ర బొమ్మ గీసుకున్న పిల్లవాడికి ఆ పాత్ర చనిపోయిందని చెప్పడం అన్యాయమని నా అభిప్రాయం. ఇక పాచికలు కనబడగానే శకునిని తలుచుకొని జూదమని మందలించే పెద్దలు మా వైపు ఇంకా ఉన్నారు. గవ్వలను మాత్రం వారెవరూ ఏమీ అనరు.

సైన్స్ ఎక్కడుందని మీరు అడగవచ్చు. దానికి ఒక్క నియమం చాలు. 2014 సెప్టెంబరులో మంగళ్‌యాన్ అంగారకుడి కక్ష్యలోకి చేరిన రోజు అక్కడి సంకేతం భూమికి రావడానికి 12 నిమిషాలకు పైగా పట్టింది. అందుకే ఇంజిను మండించే ఆదేశాలను ముందుగానే నౌకలోకి పంపి ఉంచారు. కాబట్టి మా ఆటలో బెంగళూరు నియంత్రణ కేంద్రాన్ని అడిగిన ప్రశ్నకు జవాబు రెండు చుట్ల తరువాతే వస్తుంది. మరునాడు పిల్లలు అదే తలుపు తెరవవచ్చునా అని బెంగళూరును అడిగి, ఆక్సిజన్ రెండు గంటలే మిగిలిందని చూసుకొని, ఆగలేక తెరిచేశారు. తెరవవద్దన్న జవాబు చదివి వినిపించినప్పుడు గదిలో ఒక్కరూ మాట్లాడలేదు, మా మేనకోడలు మాత్రం గవ్వలను గుప్పిట్లో పట్టుకొని, "ఇప్పుడు పందెం ఎవరిది?" అని నెమ్మదిగా అడిగింది.