ఎస్ఏ నోడ్ గురించి రాస్తున్న అమ్మాయికి

అమ్మాయీ,

గుండె కొట్టుకోవడాన్ని మొదలుపెట్టే చిన్న ముద్ద, ఎస్ఏ నోడ్, దాని మీద నువ్వు రాసిన వ్యాసం చదివాను. తప్పులు పెద్దగా లేవు, ఒకటుంది, దాని సంగతి తర్వాత చెప్తాను. హౌస్‌సర్జన్‌వి కాబట్టి విషయం నీకు నాకంటే బాగా తెలుసు, చిక్కంతా అక్కడే వచ్చింది. మొదటి పేరా అంతా గుండె ఎంత గొప్పదో, రోజుకు లక్షసార్లు అలుపు లేకుండా ఎలా కొట్టుకుంటుందో చెప్పావు, రెండో పేరా నుంచి పరీక్ష పేపర్లో అయిదు మార్కుల జవాబు మొదలైపోయింది. ఈ రెండింటి మధ్యా చదివేవాడికి కావాల్సింది ఎక్కడో జారిపోయింది. మెదడు చెప్పకుండా, బయటి నుంచి ఎవరూ కదిలించకుండా, ఆ కాస్త కండ తనంతట తాను ఎలా మొదలుపెడుతుంది? వ్యాసం మొత్తం ఈ ఒక్క ప్రశ్న మీద నడవాలి. దీనికి పనికిరాని వాక్యం ఎంత బాగున్నా సరే, మొహమాటం లేకుండా కొట్టెయ్.

పేస్‌మేకర్ అనగానే మనవాళ్లకు గుర్తొచ్చేది కాలర్‌బోన్ కింద చర్మంలో పెట్టే మిషన్. అందుకని పుట్టుకతో వచ్చే పేస్‌మేకర్ ఒకటుందనీ, అది ఎక్కడుందనీ మొదటి నాలుగు లైన్లలోనే చెప్పెయ్. తల నుంచీ చేతుల నుంచీ రక్తాన్ని తెచ్చే పెద్ద సిర కుడి కర్ణికలో, అంటే గుండె కుడివైపు పై గదిలో, కలిసే చోట, గోడలోనే ఉంటుంది, సుమారు ఒకటిన్నర సెంటీమీటరు పొడవు, కొన్ని మిల్లీమీటర్ల వెడల్పు. మామూలు కంటికి చుట్టూ ఉన్న కండకీ దానికీ తేడా తెలియదు. మైక్రోస్కోప్ కింద పెడితే తెలుస్తుంది: చిన్న చిన్న కణాలు, వాటి మధ్య దట్టంగా పీచు, చాలామందిలో మధ్యలోంచే వెళ్లే రక్తనాళం. కండను ముడిచే పోగులు ఆ కణాల్లో చాలా తక్కువ. అంటే గుండె మొత్తాన్ని కొట్టించే ఈ కణాలకు గట్టిగా ముడుచుకునే బలం లేదు! ఈ మాట నీ డ్రాఫ్టులో లేనే లేదు, చదివినవాడికి పదేళ్లైనా గుర్తుండేది అదే.

ఇక అసలు చోటు. ‘ఫేజ్ 4 డిపోలరైజేషన్’ అని ఒక్క ముక్క రాసి దాటేశావు. అక్కడ ఆగు, రెండు పేరాలు పట్టినా సరే. జఠరికలోని, అంటే గుండె కింది గదిలోని, మామూలు కండకణం ఒకసారి ముడుచుకున్నాక మైనస్ 90 మిల్లీవోల్టుల దగ్గర, పక్క కణం వచ్చి కదిలించేదాకా, ఊరికే ఉండిపోతుంది. ఎస్ఏ నోడ్ కణానికి అలా ఊరికే ఉండటం రాదు. వోల్టేజి మైనస్ 60 దాకా దిగిందో లేదో, కణం పొరలో కొన్ని ద్వారాలు తెరుచుకుని సోడియం లోపలికి కారడం మొదలవుతుంది. దాంతో వోల్టేజి కొద్దికొద్దిగా పైకెక్కుతుంది, మైనస్ 40 దగ్గరికి వచ్చేసరికి కాల్షియం ద్వారాలు తెరుచుకుంటాయి, అంతే, కరెంటు పుట్టి పక్క కణాలకు పాకిపోతుంది. తర్వాత పొటాషియం బయటికి పోయి కణం మళ్లీ కిందికి దిగుతుంది, దిగగానే మళ్లీ కారడం మొదలు. సన్నటి వాగు నీళ్లకే చెరువు నిండి, మట్టం అందగానే అలుగు పారినట్టు. పోలిక ఇదొక్కటి చాలు, నీ డ్రాఫ్టులో బ్యాండ్‌మాస్టరూ జనరేటరూ ఒకే పేజీలో దిగారు, ఇద్దరినీ పంపించెయ్. ఇంకోటి, గుండెలో మిగతా ద్వారాలు చాలావరకు వోల్టేజి ఎక్కితే తెరుచుకుంటాయి, సోడియం కార్చే ఇవి మాత్రం దిగితే తెరుచుకుంటాయి. 1979లో బ్రౌన్, డిఫ్రాన్సెస్కో, నోబుల్ కుందేలు ఎస్ఏ నోడ్ మీద పనిచేసి ఈ తిక్క వ్యవహారాన్ని బయటపెట్టారు, దానికి ‘ఫన్నీ కరెంట్’ అనే పేరే స్థిరపడింది. కణం లోపలి కాల్షియం నిల్వలు కూడా ఒక లయలో విడుదలవుతూ దీనికి తోడవుతాయి. రెండింట్లో ఏది ముఖ్యమన్న వాదన శాస్త్రవేత్తల్లో ఇంకా తెగలేదు, తెగలేదనే రాయి, నువ్వు తీర్పు చెప్పక్కర్లేదు.

నరాల దగ్గర బాగానే రాశావు కానీ తలకిందులుగా రాశావు. టెన్షన్ వస్తే గుండె వేగం పెరుగుతుందని అందరికీ తెలుసు. తెలియంది ఏమిటంటే, నోడ్‌ను దాని మానాన వదిలేస్తే నిమిషానికి సుమారు 100 సార్లు కొడుతుంది, మనం కూర్చుని ఉన్నప్పుడు 70 చూపిస్తోందంటే మెదడు నుంచి గుండెకు వచ్చే వేగస్ నరం పగలూ రాత్రీ దాన్ని వెనక్కి లాగుతూనే ఉందన్నమాట. గుండె మార్పిడి జరిగినవాళ్లలో ఆ నరం తెగి ఉంటుంది కాబట్టి వాళ్ల గుండె కూర్చున్నా 90, 100 కొడుతుంది, మెట్లెక్కితే వెంటనే పెరగదు, రక్తంలో అడ్రినలిన్ చేరేదాకా ఆగుతుంది. ఇలాంటిది రాశాక చదివేవాణ్ణి ఒక పని చెయ్యమను: బొటనవేలి వైపు మణికట్టు మీద రెండు వేళ్లు ఆనించి, నెమ్మదిగా గుండెల నిండా గాలి పీల్చి వదలమను. పీల్చేటప్పుడు నాడి కాస్త తొందరపడుతుంది, వదిలేటప్పుడు నెమ్మదిస్తుంది. వయసులో ఉన్నవాళ్లకైతే ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. వేగస్ పట్టు సడలించడం, బిగించడం అది. నీ బొమ్మ కంటే ఇది మేలు. వేగస్ నరం గుండెను ఎలా నెమ్మదింపజేస్తుందో చూపించిన ఓటో లోవీకి కలలో ప్రయోగం కనిపించిన కథ మాత్రం తీసెయ్, వేగస్ పేరెత్తిన ప్రతివాడూ అదే చెప్తాడు.

కథ కావాలంటే బ్రెడ్గర్‌కు వెళ్లు. ఇంగ్లండ్‌లో కెంట్ ప్రాంతంలోని పల్లె. 1906 వేసవిలో శరీర నిర్మాణ శాస్త్రవేత్త ఆర్థర్ కీత్, ఆయన భార్య సైకిళ్ల మీద తిరిగి ఇంటికొచ్చేసరికి మార్టిన్ ఫ్లాక్ అనే వైద్య విద్యార్థి మైక్రోస్కోప్ ముందు కూర్చుని ఉన్నాడు. అతను చూస్తున్నది చుంచెలుక లాంటి మోల్ అనే జంతువు గుండె. కుడి కర్ణికలో, పెద్ద సిర కలిసే చోట, చుట్టుపక్కల కండతో పోలికలేని ముద్ద ఒకటి కనబడింది. అదే ఎస్ఏ నోడ్. 1907లో కీత్, ఫ్లాక్ కలిసి ఆ సంగతి అచ్చేశారు. నాకు ఇందులో నచ్చేది ఇంకొకటుంది. కరెంటు పైనుంచి కిందికి వెళ్తుంది కదా, మనిషి మాత్రం దాన్ని కింది నుంచి పైకి కనిపెట్టుకుంటూ వచ్చాడు: 1839లో జఠరికల గోడల్లో కరెంటును పంచే పుర్కింజే పోగులు, 1893లో వాటికి కరెంటును తెచ్చే హిస్ కట్ట, 1906లో జర్మనీలోని మార్బుర్గ్‌లో పనిచేసిన జపాన్ వైద్యుడు తవారా చూపించిన, కర్ణికలకీ జఠరికలకీ మధ్య ఉండే ఏవీ నోడ్, చివరికి అన్నిటికీ మొదలైన ఎస్ఏ నోడ్. ఈ వరసను వెనక నుంచి ముందుకు రాసుకుంటూ పోతే దారి మొత్తం వివరించినట్టే అవుతుంది, వేరే పేరా అక్కర్లేదు. ఏవీ నోడ్ దగ్గర కరెంటు సెకనులో పదోవంతు ఆలస్యమవుతుందనీ, ఆ సందులో కర్ణికలు రక్తాన్ని కిందికి నెట్టేస్తాయనీ అక్కడే చెప్పు. ఎస్ఏ నోడ్ ఆగిపోతే ఏవీ నోడ్ నిమిషానికి 40 నుంచి 60 దాకా, అదీ లేకపోతే కింది పోగులు 20 నుంచి 40 దాకా కొట్టించగలవని కూడా ఒక లైను.

ఇప్పుడు ఆ తప్పు. ఆర్నే లార్సన్‌కు ఎస్ఏ నోడ్ చెడిపోయిందని రాశావు, కాదు. 1958 అక్టోబరు 8న స్వీడన్‌లో శరీరం లోపల మొదటి పేస్‌మేకర్ పెట్టింది ఆయనకే, కానీ ఆయన జబ్బు కర్ణికల నుంచి జఠరికలకు కరెంటు వెళ్లే దారి మూసుకుపోవడం. ఆ మొదటి మిషన్ కొన్ని గంటలే పనిచేసింది. మనిషి మాత్రం 2001 దాకా బతికాడు, ఆపరేషన్ చేసిన సెన్నింగ్, మిషన్ తయారుచేసిన ఎల్మ్‌క్విస్ట్ ఇద్దరూ పోయాక కూడా. సరిచేసి ఉంచుకో.

చివర్లో ఇవాబ్రాడిన్ గురించి రాసిన పేరా బాగుంది, ఫన్నీ కరెంట్‌ను అడ్డుకుని గుండె వేగాన్ని మాత్రమే తగ్గించే మందు కాబట్టి పైన చెప్పిందంతా అక్కడ పనికొస్తుంది. కంటి రెటీనాలోనూ ఇలాంటి ద్వారాలే ఉండటం వల్ల కొందరికి ఉన్నట్టుండి వెలుగులు మెరిసినట్టు కనిపిస్తాయన్న సంగతి కూడా చేర్చు. మందు పేరు ఉంచుతానంటే ఉంచు కానీ, ఎవరికి పడదో, ఎందుకు పడదో పక్కనే రాయి. మనవాళ్లు పేరు పట్టుకుని నేరుగా మెడికల్ షాపుకే వెళ్తారు.