గ్రహాంతర జీవులా, భూమ్యేతర జీవులా?

ప్రశ్న: పత్రికల్లో ఒకచోట ‘గ్రహాంతర జీవులు’, మరోచోట ‘భూమ్యేతర జీవం’ అని కనిపిస్తోంది. ‘అంతర’ అంటే మధ్య కదా, మరి గ్రహాల మధ్య ఉండే జీవులెవరు? ఈ రెంటిలో ఏది సాధువు? – ఒక సైన్సు ఉపాధ్యాయిని

జవాబు: ‘అంతర’ను ఒక్క ‘మధ్య’తో సరిపెట్టేస్తే ఎలాగమ్మా? అమరసింహుడు తన సంస్కృత నిఘంటువు అమరకోశపు నానార్థవర్గంలో దానికి 13 అర్థాలు ఏకరువు పెట్టాడు: ‘అంతర మవకాశావధి పరిధానాంతర్ధి భేద తాదర్థ్యే, ఛిద్రాత్మీయ వినా బహి రవసర మధ్యేఽంతరాత్మని చ’. చోటు, హద్దు, కట్టుబట్ట, మరుగు, భేదం, కోసం, బెజ్జం, తనది, లేకుండా, వెలుపల, సమయం, నడుమ, అంతరాత్మ. నడుమా అదే, వెలుపలా అదే! పాణిని ‘అంతరం బహిర్యోగోపసంవ్యానయోః’ అని దీనికోసం ఒక సూత్రమే కేటాయించి, వెలుపలిది, కట్టుబట్ట అనే అర్థాల్లో సర్వనామంగా లెక్కించాడు.

సమాసం చివర చేరినప్పుడు ఇది ‘వేరొకటి’ అని కూడా చెబుతుంది. ‘అన్యో రాజా రాజాంతరమ్’ అన్నది వ్యాకర్తల ఉదాహరణ. దేశాంతరం, జన్మాంతరం, పాఠాంతరం ఈ కోవవే. గత్యంతరం లేదంటే దారుల నడుమ ఏమీ లేదని అర్థం చేసుకుంటామా? కనుక గ్రహాంతరమంటే మరో గ్రహం. గ్రహాంతర జీవులు సాధువే. గ్రహాంతర యానమూ సరే. ‘గ్రహాంతర ధూళి’ దగ్గరే తంటా: అది మరో గ్రహపు దుమ్మా, గ్రహాల నడుమ తేలే దుమ్మా? అక్కడ ‘గ్రహాల నడుమ ధూళి’ అని విడమర్చి రాయడం మేలు. 2017లో కనబడిన, సౌరకుటుంబం వెలుపలినుంచి వచ్చిన ఔమువామువా అనే వస్తువును ‘నక్షత్రాంతర’ అతిథి అంటే మాత్రం రెండర్థాలూ కుదిరిపోతాయి. మరో నక్షత్రం దగ్గరినుంచి, నక్షత్రాల నడుమ ప్రయాణించి వచ్చింది మరి.

ఇక ‘భూమ్యేతర’. ఇదెక్కడి సంధి? భూమి, ఇతర కలిస్తే సవర్ణదీర్ఘం వచ్చి ‘భూమీతర’ అవుతుంది. పొరపాటున యణాదేశం చేసినా ‘భూమ్యితర’ కావాలి, ఏత్వం ఎక్కడిది? ‘ప్రభుత్వేతర’ను చూసి వాత పెట్టుకున్నట్టుంది. అక్కడ ‘ప్రభుత్వ’ అకారాంతం గనక గుణసంధి వచ్చింది.

అయితే అర్థం చూస్తే తూకం తిరగబడుతుంది. 2024 అక్టోబరులో బయలుదేరిన యూరోపా క్లిప్పర్ వ్యోమనౌక వెళ్తున్నది గురుగ్రహపు ఉపగ్రహం దగ్గరికి. మంచు కింద సముద్రం ఉందంటున్న యూరోపా, నీటి ఆవిరి చిమ్మే శని ఉపగ్రహం ఎన్సెలాడస్, రెండూ గ్రహాలు కావు. అక్కడ సూక్ష్మజీవి దొరికితే ‘గ్రహాంతర’ అనడం ఇరుకే. ‘భూమీతర’ శబ్దానికీ అర్థానికీ సరిపోతుంది గానీ పలికే నాలుకలేవీ? ప్రస్తుతానికి గ్రహాల విషయంలో ‘గ్రహాంతర’, తక్కినచోట్ల ‘భూమి వెలుపలి జీవం’ అనుకోవచ్చునేమో. ‘భూమ్యేతర’ వాడుకలో స్థిరపడిపోతే నేను ఆపగలిగేదేమీ లేదు.

‘వాసులు’ అన్న మాటతో మాత్రం జాగ్రత్త. 2025 ఏప్రిల్‌లో కె2-18బి అనే, మరో నక్షత్రం చుట్టూ తిరిగే గ్రహపు వాతావరణంలో డైమిథైల్ సల్ఫైడ్ ఉండవచ్చునన్నారు. అదీ 3 సిగ్మా స్థాయిలో (ఫలితం కాకతాళీయం కాదనే నమ్మకానికి సిగ్మా ఒక కొలత). ఆవిష్కరణ అనాలంటే 5 సిగ్మా కావాలి. మనదగ్గర ఆ వాయువును ప్రధానంగా సముద్రపు ప్లవకాలు పుట్టిస్తాయి. తోకచుక్క మీద జీవం లేకుండానూ కనబడింది. ఇంత అనుమానాన్ని ‘గ్రహాంతరవాసుల జాడ’ అని శీర్షికకెక్కిస్తే ఎలా? ‘జీవపు ఆనవాలు కావచ్చు’ అంటే చాలదూ?