భయాన్ని గుర్తించలేని మనిషి క్యాన్సర్‌ని వేరేగా చూస్తారా?

మీ ప్రశ్న: హైదరాబాద్‌లో కీమో తీసుకుంటున్న నాన్నగారు భయం లేదంటారు, ఒళ్లంతా బరువంటారు. జబ్బు గురించి ఆయన అనుకునేదానికీ దీనికీ సంబంధం ఉందా?

ఉండొచ్చు. తనలో కలిగే భావం ఏమిటో గుర్తించడం, చెప్పడం కొందరికి కష్టం. 1970లలో పీటర్ సిఫ్నియోస్ అనే మానసిక వైద్యుడు దీనికి అలెక్సిథైమియా అని పేరు పెట్టారు. ఇది జబ్బు కాదు, స్వభావం. దీన్ని 20 ప్రశ్నల టొరంటో స్కేల్‌తో కొలుస్తారు. భయంతో వచ్చే గుండెదడ కూడా వీళ్లకి జబ్బు ముదిరిన గుర్తులా అనిపించవచ్చు. అప్పుడు ‘ఇది ఎన్నాళ్లుంటుంది, మందులు పనిచేస్తాయా’ అనే అంచనాలూ చీకటిగా మారతాయి. అయితే ఏది ముందు, ఏది వెనక అన్నది తేల్చడం కష్టం; జబ్బు తెలిసిన కొత్తలో మొద్దుబారిపోవడం మామూలే.

ఇంకో సంగతి. మన ఇళ్లల్లో ‘ఆయనకి చెప్పకండి డాక్టర్‌గారూ’ అనడం ఉంది కదా. ఇంట్లో అందరూ దాస్తుంటే ఆయన మౌనానికి స్వభావాన్ని నిందించడం అన్యాయం. కోపం దిగమింగడం వల్లే క్యాన్సర్ వచ్చిందనే చుట్టాల మాటకీ ఆధారం లేదు.

‘భయంగా ఉందా’ అని కాకుండా ‘బరువు ఎప్పుడు ఎక్కువవుతోంది, స్కాన్ ముందు రోజా?’ అని అడిగి చూడండి. కీమో నీరసం కూడా అలాగే ఉంటుంది కాబట్టి ముందు డాక్టర్‌కి చెప్పండి. రెడ్‌హిల్స్ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆస్పత్రిలో పాలియేటివ్ కేర్ (నొప్పి, బాధ తగ్గించే వైద్యం) విభాగం ఉంది; మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416లో తెలుగులో మాట్లాడొచ్చు.