‘ఇంగ్లండ్ లాంటిదే’ అన్న మాట ఇక్కడే వదిలేసి వెళ్లాలి

ప్రశ్న: మాది మదనపల్లె. ప్రభుత్వ పాఠశాలలో టీచర్‌గా పనిచేస్తున్నాను. మా అమ్మాయికి ఐర్లండ్‌లోని గాల్వేలో బయోమెడికల్ ఇంజినీరింగ్ ఎంఎస్సీ సీటు వచ్చింది. సెప్టెంబరులో ప్రయాణం. కన్సల్టెన్సీ వాళ్లు ఫీజు, లోన్, వీసా అన్నీ చెప్పారు. అక్కడి మనుషులు ఎలాంటివాళ్లని అడిగితే మాత్రం ‘ఇంగ్లండ్ లాంటిదే సార్, టెన్షన్ పడకండి’ అన్నారు. డబ్లిన్‌లో మనవాళ్ల మీద దాడులు జరిగాయని వార్తల్లో చూశాక భయంగా ఉంది. ఈ రెండు నెలల్లో అమ్మాయి ఏం తెలుసుకుని వెళ్తే మంచిది?

జవాబు: ‘ఇంగ్లండ్ లాంటిదే’ అని మీ అమ్మాయి గాల్వేలో ఎవరితోనైనా అంటే వాళ్లు మర్యాద కోసం నవ్వి ఊరుకుంటారు. మాటలు అక్కడితో ఆగిపోతాయి. కోర్సు వెబ్‌సైట్ ఎన్నిసార్లు చూసినా ఈ సంగతి తెలియదు కాబట్టి ముందు దీని గురించే చెబుతాను.

ఐర్లండ్ కొన్ని శతాబ్దాల పాటు ఇంగ్లండ్ పాలనలో నలిగిన దేశం. 1845లో బంగాళాదుంప పంటకు తెగులు సోకింది. పేదల తిండి అంతా ఆ దుంపే. తర్వాతి ఏడేళ్లలో సుమారు పది లక్షల మంది ఆకలికి, రోగాలకు చనిపోయారు. అంతే మంది ఓడలెక్కి వెళ్లిపోయారు. ఆ కరువు రోజుల్లో కూడా అక్కడి నుంచి ఇంగ్లండ్‌కు తిండిగింజలు ఎగుమతి అయ్యాయన్నది వాళ్లు ఇప్పటికీ మరిచిపోని విషయం. కరువుకు ముందు ఆ ద్వీపంలో 80 లక్షలకు పైగా జనం ఉండేవారు. నేటికీ ఆ సంఖ్యను మళ్లీ అందుకోలేదు. 1916లో బ్రిటిష్ పాలన మీద ఈస్టర్ తిరుగుబాటు, 1921లో బ్రిటన్‌తో ఒప్పందం, 1922లో 26 కౌంటీలతో (మన జిల్లాల్లాంటివి) స్వతంత్ర రాజ్యం. మిగిలిన ఆరు కౌంటీలు ఉత్తర ఐర్లండ్ పేరుతో బ్రిటన్‌లోనే ఉండిపోయాయి.

మీరు టీచర్ కాబట్టి మన రాజ్యాంగంలోని ఆదేశిక సూత్రాలు ఐర్లండ్ నుంచి తీసుకున్నవని పిల్లలకు చెప్పే ఉంటారు. వాళ్ల 1937 రాజ్యాంగమే దానికి మూలం. మన వి.వి. గిరి గారు 1913లో లా చదవడానికి డబ్లిన్ వెళ్లి, అక్కడి స్వాతంత్ర్యోద్యమంతో సంబంధాలు పెట్టుకుని, 1916 తిరుగుబాటు తర్వాత చదువయ్యాక ఉండే వీలు లేక తిరిగొచ్చారు. ఇవి గ్రూప్స్ బిట్లుగా బట్టీ పట్టాం గానీ, అమ్మాయి చేతిలో ఇవి పరిచయాలు పెంచే కబుర్లవుతాయి.

ఐరిష్ వాళ్లు కొత్త మనిషిని ముందుగా అడిగేది ‘ఏ ఊరు’ అనే. వాళ్లలో వాళ్లకైతే ‘ఏ కౌంటీ’ అని. బండి నెంబరులో జి ఉంటే గాల్వే, సి ఉంటే కార్క్. ఒకప్పుడు మనం ఏపీ 03 చూసి ‘చిత్తూరు బండి’ అనుకున్నట్టే. కాబట్టి ‘ఇండియా, హైదరాబాద్ దగ్గర’ అని తేల్చేయవద్దని చెప్పండి. మదనపల్లె అనే చెప్పాలి. ఎందుకంటే జనగణమన బాణీకి స్వరాలు రాసిన మార్గరెట్ కజిన్స్ ఐరిష్ ఆవిడ. పుట్టింది గాల్వేకు పొరుగున ఉన్న రాస్‌కామన్ కౌంటీలోని బాయిల్ అనే ఊళ్లో. ఆడవాళ్ల ఓటు హక్కు కోసం పోరాడి జైలుకు వెళ్లింది. భర్త జేమ్స్ కజిన్స్ బెల్‌ఫాస్ట్‌లో పుట్టిన కవి, మీ ఊరి కాలేజీలో ప్రిన్సిపాల్. 1919 ఫిబ్రవరిలో ఠాగూర్ అక్కడికి వచ్చినప్పుడు ఆవిడ ఆ స్వరాలు రాసింది. ఈ కథ గాల్వేలో చాలామందికి తెలియదు. చెప్పి చూడమనండి.

ఇక భాష. ఇంగ్లిషే మాట్లాడతారు, కానీ వాళ్ల సొంత భాష ఐరిష్. రాజ్యాంగం ప్రకారం మొదటి అధికార భాష అదే. రోడ్డు బోర్డులు చాలావరకు రెండు భాషల్లో ఉంటాయి. గాల్వే నుంచి పడమరకు వెళ్తే కనమారాలో ఇళ్లలో ఐరిష్ మాట్లాడే ఊళ్లున్నాయి. పేర్లు చూసి కంగారు పడకూడదు. రాసేదొకటి, పలికేదొకటి. నీవ్, ఈఫా, షివాన్ అనే పేర్ల స్పెల్లింగ్ చూస్తే మీకు నమ్మకం కలగదు. గైడ్ పేరు సరిగ్గా పలకడం మొదటి రోజే నేర్చుకుంటే చాలు, ఎంతో సంతోషిస్తారు. మన ఇంగ్లిష్‌లో తెలుగు తొంగిచూసినట్టే వాళ్ల ఇంగ్లిష్‌లో ఐరిష్ తొంగిచూస్తుంది. ‘ఐ యామ్ ఆఫ్టర్ ఈటింగ్’ అంటే ఇప్పుడే తిన్నానని.

మొహమాటం అన్న మాటకు ఇంగ్లిష్‌లో సరైన పదం లేదంటాం. ఆ గుణం మాత్రం ఐరిష్ వాళ్లకు నిండుగా ఉంది. టీ ఇస్తామంటే మొదట వద్దంటారు, మూడోసారి అడిగితే తాగుతారు. ‘గ్రాండ్’ అంటే అద్భుతమని కాదు, ‘సరేలే’ అని. పని చెప్పినప్పుడు ఎవరైనా ‘ఐ విల్, యా’ అని సాగదీశారంటే ఆ పని చేయరని అర్థం. ఆటపట్టించడం దగ్గరితనానికి గుర్తు. తనను తాను పొగుడుకునే మనిషిని చూసి ‘నోషన్స్’ ఎక్కువ అని నవ్వుకుంటారు. ప్రొఫెసర్‌ని కూడా పేరుతోనే పిలుస్తారు. మీ అమ్మాయికి మొదటి నెల నోరు రాదు, అలవాటవుతుంది.

ఇక్కడే కెరీర్‌కు సంబంధించిన చిక్కుంది. అటు వాళ్లకూ, ఇటు మనకూ మొహమాటమే కాబట్టి ఎవరూ ముందుకు రారు. ‘ఐరిష్ వాళ్లు పలకరిస్తారు గానీ దగ్గరికి రానివ్వరు’ అని మన పిల్లలు ఫిర్యాదు చేస్తుంటారు. నేను సగమే ఒప్పుకుంటాను. నలుగురు తెలుగువాళ్లు ఒకే ఇంట్లో ఉండి, కలిసి వండుకుని, కలిసి క్లాసుకెళ్లి వచ్చేస్తే దగ్గరయ్యే దారేది? గాల్వేలో మెడ్‌ట్రానిక్, బోస్టన్ సైంటిఫిక్ లాంటి వైద్య పరికరాల కంపెనీలున్నాయి. ఊరు చిన్నది, అందరూ అందరికీ తెలుసు. అలాంటి చోట రెజ్యూమె కంటే ‘ఆ అమ్మాయి నాకు తెలుసు, పని బాగా చేస్తుంది’ అన్న మాట ముందు పనిచేస్తుంది. మాస్టర్స్ అయ్యాక ఉద్యోగం వెతుక్కోవడానికి రెండేళ్ల వరకు ఉండనిస్తారు. ఆ పరిచయాలు మాత్రం మొదటి సెమిస్టర్‌లోనే మొదలవ్వాలి.

అందుకని యూనివర్సిటీ తెరిచిన కొత్తలో క్లబ్బులు, సొసైటీల్లో పేరు రాయించుకోమనండి. ఒకటి మన సంఘమైతే ఇంకొకటి వాళ్లదై ఉండాలి. ఎన్నేళ్లున్నా క్రికెట్ కబుర్లతో అక్కడ పెద్దగా లాభం లేదు. కర్రతో బంతిని కొట్టే హర్లింగ్, వాళ్ల సొంత తరహా గేలిక్ ఫుట్‌బాల్ అనే ఆటలు వాళ్ల ప్రాణం. వాటిని నడిపే సంఘం 1884లో పుట్టింది. ఆటగాళ్లకు జీతం లేదు. ఆదివారం డబ్లిన్‌లోని క్రోక్ పార్క్‌లో 80 వేల మంది ముందు ఆడిన కుర్రాడు సోమవారం మీలాగే స్కూల్లో పాఠం చెబుతూ కనిపించవచ్చు. పబ్బు అనగానే మీరు ఉలిక్కిపడవద్దు. అక్కడ అది మన రచ్చబండ, పాటలూ కబుర్లూ. నిమ్మరసం తాగుతూ కూర్చున్నా ఎవరూ ఏమీ అనరు.

దాడుల సంగతి దాచను. 2025 వేసవిలో డబ్లిన్‌లో భారతీయుల మీద దాడులు జరిగింది నిజమే. కొన్నిట్లో టీనేజీ కుర్రాళ్లున్నారు. భారత రాయబార కార్యాలయం జాగ్రత్తగా ఉండమని ప్రకటన ఇచ్చింది, అప్పటి ఐర్లండ్ అధ్యక్షుడు హిగ్గిన్స్ ఆ దాడులను బహిరంగంగా ఖండించారు. భయంతో సీటు వదులుకోవాల్సిన పని లేదని నా అభిప్రాయం. అయినా రాత్రి పొద్దుపోయాక ఒంటరిగా నిర్మానుష్యమైన వీధుల్లో తిరగకూడదు. ఏదైనా జరిగితే 112కు ఫోన్ చేయాలి, పోలీసులను అక్కడ గార్డ అంటారు. మొహమాటపడి ఫిర్యాదు మానేయకూడదు. ఇల్లు దొరకడం అంతకంటే పెద్ద సమస్య. ఇల్లు చూడకుండా, వీడియో కాల్ అయినా లేకుండా అడ్వాన్స్ పంపవద్దు.

ఇంకో సంగతి. స్నేహితులు సెలవులకు బెల్‌ఫాస్ట్ బయల్దేరితే వాళ్లతో బస్సెక్కేసే పిల్లలున్నారు. సరిహద్దులో గేటు ఉండదు కాబట్టి అదే దేశం అనుకుంటారు. మన పాస్‌పోర్టుకు అది వేరే దేశం, బ్రిటన్ వీసా కావాలి. దొరికిపోతే ఐర్లండ్‌లో ఉండే అనుమతికే ముప్పు.

గొడుగు మాత్రం కొనివ్వకండి. గాల్వే గాలికి వారం ఆగదు. టోపీ ఉన్న వాన కోటు అక్కడే కొనుక్కోమనండి.